జింజర్‌బ్రెడ్ నడుమ గుంట పడి, చేదుగా వస్తోంది. మొలాసిస్ బదులు బెల్లం పాకం పోయొచ్చా?

ప్రశ్న అడిగినవారు డాలస్‌లో ఉంటారట. ఆఫీసు పాట్‌లక్ (తలా ఒకటి వండి తెచ్చే విందు) కోసం పొడవాటి లోఫ్ టిన్నులో జింజర్‌బ్రెడ్ చేశారు. శొంఠీ, మొలాసిస్ అనే చెరకు మడ్డీ వేసి చేసే తియ్యటి రొట్టె ఇది. ఈస్ట్ లేకుండా వంట సోడాతో పొంగే రకం. మెత్తగా రావాలని సోడా కాస్త ధారాళంగా, రెండు కప్పుల పిండికి రెండు టీస్పూన్లు వేశారు. హెల్త్ ఫుడ్ షాపులో దొరికిన బ్లాక్‌స్ట్రాప్ మొలాసిస్ పోశారు. పుల్ల గుచ్చి చూస్తే శుభ్రంగానే వచ్చింది. బయటికి తీసిన పది నిమిషాలకి నడుమ గుంట పడింది, తింటే కషాయంలా ఉంది. వచ్చే వారం మళ్లీ చేయాలి, ఈసారి మొలాసిస్ మానేసి బెల్లం పాకం పోస్తే కుదురుతుందా అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. చేదు బ్లాక్‌స్ట్రాప్ వల్ల, గుంట సోడా వల్ల. ఆ రెండూ మార్చండి, మిగతా రెసిపీ జోలికి వెళ్లకండి. బెల్లం పాకంతోనూ కుదురుతుంది, కానీ ఉన్నపళంగా ఒకదాని బదులు ఇంకొకటి పోస్తే కుదరదు. పుల్లటి మజ్జిగ తోడు కావాలి, కొలతలు కొంచెం మారాలి. పాట్‌లక్ వచ్చే వారమే అంటున్నారు కనక ఈసారికి మామూలు మొలాసిస్ సీసా కొనుక్కోండి. బెల్లం ప్రయోగం తర్వాత తీరిగ్గా ఇంట్లోవాళ్ల మీద చేద్దురుగాని.

నా సంగతి రెండు ముక్కల్లో: మాది అనకాపల్లి దగ్గర పల్లె. మసాచుసెట్స్ వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. అందులో ఎనిమిదేళ్లు ఒక చిన్న బేకరీలో తెల్లవారుజాము షిఫ్టు చేశాను. అక్టోబరు నుంచి జనవరి దాకా అక్కడ రోజూ ఈ రొట్టే. బ్లాక్‌స్ట్రాప్ తప్పు నేనూ చేశాను. బేకరీలో చేరకముందు, మొదటి చలికాలం, "ఐరన్ ఎక్కువ" అని సీసా మీద రాసి ఉంటే అదే తెచ్చి చేశాను. మా ఆయన ఒక ముక్క తిని, "దగ్గుకి మంచిదేమో" అన్నారు.

సీసా మీద ఏముందో చూడండి

చెరకు రసాన్ని మరిగించి, పంచదార పలుకు కట్టాక దాన్ని వేరు చేస్తే మిగిలే చిక్కటి నల్లటి ద్రవమే మొలాసిస్. మొదటిసారి కాచినప్పుడు మిగిలింది లైట్, దాన్ని మళ్లీ కాచి ఇంకొంత పంచదార తీస్తే మిగిలేది డార్క్. మూడోసారి కూడా కాచి, పిండగలిగినంత పంచదార పిండేశాక అడుగున మిగిలేది బ్లాక్‌స్ట్రాప్. అంటే అందులో తీపి బాగా తగ్గిపోయి చేదూ, కాస్త ఉప్పదనమూ చిక్కబడి ఉంటాయి. బీన్స్ కూరలో ఒక చెంచా వేస్తే బాగుంటుంది గానీ, రొట్టె మొత్తం దాంతో చేస్తే మీకు వచ్చిన రుచే వస్తుంది.

ఈ రొట్టెకి కావలసింది లైట్ లేదా డార్క్, అన్‌సల్ఫర్డ్ అని రాసి ఉన్నది. కొన్ని రకాల్లో గంధకపు పొగ, అదే సల్ఫర్ డయాక్సైడ్ వాడతారు, దాని వాసన కాల్చాక కూడా పోదు. మామూలు సూపర్ మార్కెట్‌లో పాన్‌కేక్ సిరప్‌ల అరలోనో బేకింగ్ సామాను దగ్గరో దొరుకుతుంది. గ్రాండ్‌మాస్, బ్రేర్ ర్యాబిట్ లాంటి బ్రాండ్లు. నేను డార్క్ వాడతాను. కానీ మొదటిసారి తినేవాళ్లు ఉంటే లైట్ మంచిది.

ఇండియాలో ఉండి ఇది చదువుతున్నవాళ్లకి ఒక మాట. మన దగ్గర మొలాసిస్ అంటే చక్కెర ఫ్యాక్టరీ నుంచి డిస్టిలరీకి ట్యాంకర్లలో పోయేది, లేదా పశువుల దాణాలో కలిపేది. దాణా కోసం అమ్మే మొలాసిస్ వంటకి వాడకండి. అది మనుషుల తిండి అనే లెక్కలో తయారు చేసింది కాదు. తినడానికి పనికొచ్చేదని డబ్బా మీద స్పష్టంగా రాసి ఉన్నదే కొనండి, దొరక్కపోతే కింద చెప్పిన బెల్లం దారి పట్టండి.

సోడా లెక్క

అసలు గొడవంతా ఇక్కడే ఉంది, కాబట్టి కొంచెం ఓపిగ్గా చదవండి.

వంట సోడా క్షారం. పులుపు తగిలితేనే పూర్తిగా పని చేసి గ్యాసు వదులుతుంది. మొలాసిస్ తియ్యగా ఉంటుంది కాబట్టి అందులో పులుపు ఉందని మనకి తోచదు. ఉంది. పంచదార తీసేశాక రసంలోని ఆమ్లాలు మిగిలినదాంట్లో చిక్కబడతాయి. నమ్మకం కుదరకపోతే ఒకసారి చేసి చూడండి. చిన్న గ్లాసులో రెండు చెంచాల మొలాసిస్ వేసి, ఒక చెంచా వేడినీళ్లు పోసి కలిపి, పావు టీస్పూన్ సోడా వేయండి. రెండు మూడు సెకన్లు ఏమీ జరగదు. తర్వాత అడుగు నుంచి సన్నటి బుడగలు లేచి, నల్లటి ద్రవం చూస్తుండగానే పాలు కలిపిన కాఫీ రంగుకి తిరిగి, పొంగు వచ్చిన పాలలాగా గ్లాసు అంచుదాకా ఎక్కుతుంది. బేకరీలో కొత్తగా చేరినవాళ్లకి మొదటి రోజు ఇదే చూపించేవాళ్లు. ఇక్కడివాళ్లకి ఈ సంగతి సోడా డబ్బాలు రాకముందే తెలుసు. 1796లో హార్ట్‌ఫర్డ్‌లో అచ్చయిన అమీలియా సిమన్స్ వంటల పుస్తకంలో మొలాసిస్ జింజర్‌బ్రెడ్‌కి పెర్ల్ యాష్ వేయమని ఉంది. కట్టెల బూడిద నుంచి తీసిన క్షారం అది.

ఇప్పుడు లెక్క. ఒక కప్పు పిండిని పొంగించడానికి పావు టీస్పూన్ సోడా చాలు. మీరు రెండు కప్పులకి రెండు టీస్పూన్లు వేశారు, అంటే నాలుగు రెట్లు. ఓవెన్‌లో పెట్టగానే విపరీతంగా గ్యాసు పుట్టి రొట్టె గబగబా లేచింది. లోపలి పిండి ఉడికి గట్టిపడేలోపే ఆ బుడగలు పగిలిపోయాయి. ఇక నిలబెట్టడానికి ఏమీ లేదు, కూలింది. పులుపు సరిపోక మిగిలిపోయిన సోడా సబ్బు రుచి ఇస్తుంది. మీరు చెప్పిన కషాయంలో దాని వాటా కూడా ఉంది, నేరమంతా బ్లాక్‌స్ట్రాప్ మీదే వేయలేం.

పైగా ఈ పిండిలో తీపి ఎక్కువ. తీపి ఎక్కువైతే పిండిలోని గంజి గట్టిపడటానికి ఇంకా ఎక్కువ వేడి కావాలి. లోఫ్ టిన్ను లోతుగా ఉంటుంది, నడిమి భాగానికి వేడి అన్నిటికంటే చివర చేరుతుంది. గుంట ఎప్పుడూ నడుమే ఎందుకు పడుతుందంటే ఇందుకే. మామూలు కేకుకి చెల్లే చిన్న తప్పు దీనికి చెల్లదు.

పుల్ల సంగతి కూడా చెప్పాలి. పైన పగులు దగ్గర గుచ్చితే పుల్ల శుభ్రంగా వచ్చేస్తుంది, అంగుళం పక్కన ఇంకా పచ్చిగా ఉంటుంది. రంగు చూసి కూడా చెప్పలేం, ఎందుకంటే పిండి మొదటి నుంచే నల్లగా ఉంటుంది. పది డాలర్ల థర్మామీటరు ఒకటి కొనుక్కోండి. నడుమ 200 నుంచి 205 డిగ్రీల ఫారన్‌హీట్ చూపిస్తే అయినట్టు.

నేను చేసే కొలతలు (9×5 అంగుళాల టిన్నుకి)

ఆల్ పర్పస్ పిండి 240 గ్రాములు, అంటే రెండు కప్పులు. మొలాసిస్ 170 గ్రాములు, అరకప్పు. బ్రౌన్ షుగర్ 100 గ్రాములు, వెన్న 85 గ్రాములు, గుడ్లు 2, పుల్లటి మజ్జిగ 180 మిల్లీలీటర్లు. వంట సోడా ముప్పావు టీస్పూన్, బేకింగ్ పౌడర్ అర టీస్పూన్, ఉప్పు అర టీస్పూన్. పావు లెక్కన అర టీస్పూనే కదా అనొచ్చు. ఇక్కడ మొలాసిస్, మజ్జిగ రెండిట్లోనూ పులుపుంది, దాన్ని విరవడానికి ఆ పావు ఎక్కువ.

శొంఠి పొడి రెండున్నర టీస్పూన్లు, దాల్చిన చెక్క పొడి ఒకటిన్నర, లవంగం పొడి పావు, జాజికాయ పావు, మిరియాల పొడి పావు. లవంగం అంతకు మించనివ్వకండి, నాలుక మొద్దుబారిపోయి మిగతావేవీ తెలియవు. మన గరం మసాలా చేతివాటం ఇక్కడ పనికిరాదు. ఇక శొంఠి బదులు పచ్చి అల్లం తురిమి వేస్తే రొట్టెకి వాసన వస్తుంది గానీ ఆ గొంతులో మంట రాదు. అల్లం ఎండినప్పుడు అందులోని ఘాటు పదార్థం మారి ఇంకా ఘాటవుతుంది. నేను శొంఠి కొమ్ములు కొని దంచుకుంటాను. డబ్బాలో రెండేళ్లుగా ఉన్న పొడి అయితే అసలు వేయకపోయినా ఒకటే. రెసిపీల్లో కనిపించే ఆల్‌స్పైస్ (మిరియాల్లాంటి ఒక ఎండు కాయ) లేకపోతే మానేయండి. ఇండియాలో కబాబ్ చీనీ అని అడిగితే ఒక కొట్లో ఆల్‌స్పైస్, ఇంకో కొట్లో చలవ మిరియాలు ఇస్తారు. రెండూ వేరు.

చేసే పద్ధతి కష్టం కాదు. ఓవెన్ 350 డిగ్రీల ఫారన్‌హీట్‌కి, అంటే దాదాపు 175 సెల్సియస్‌కి ముందే వేడెక్కాలి. టిన్నుకి కాగితం వేసి ఉంచుకోండి. వెన్న, మొలాసిస్, బ్రౌన్ షుగర్ గిన్నెలో వేసి సన్నసెగ మీద కరిగించండి, మరగనివ్వొద్దు. కొలిచే కప్పుకి ముందు నాలుగు చుక్కల నూనె రాస్తే మొలాసిస్ మొత్తం జారి వస్తుంది, లేకపోతే రెండు చెంచాలు కప్పుకే అంటుకుని ఉంటుంది. వేలు పెట్టగలిగేంత చల్లారాక గుడ్లు, తర్వాత మజ్జిగ కలపండి. పొడి సామానంతా వేరే గిన్నెలో బాగా కలిపి, అందులో ఈ ద్రవం పోసి గరిటెతో పదిహేను తిప్పులు, అంతే. చిన్న చిన్న ఉండలున్నా ఫరవాలేదు. నున్నగా వచ్చేదాకా గిలక్కొడితే రొట్టె సాగుతుంది.

కలిపిన పిండి ఆగకూడదు. ఇడ్లీ పిండి కాదిది, నానబెట్టడానికి. సోడాకి తడి తగిలిన క్షణం నుంచి గ్యాసు ఖర్చవుతూనే ఉంటుంది. ఒకరోజు బేకరీలో నేను పిండి కలిపేసి, ఓవెన్ ఖాళీ లేక ముప్పావు గంట ఆపాను. పన్నెండు రొట్టెలు ఇటుకల్లా వచ్చాయి. వాటిని ముక్కలు చేసి మళ్లీ ఎండబెట్టి పొడి చేసి, చీజ్‌కేక్ అడుగున వేశాం. అది మాత్రం బాగా అమ్ముడైంది, అది వేరే సంగతి.

టిన్ను మూడింట రెండు వంతులు దాటి నింపకండి. మొత్తం 50 నుంచి 60 నిమిషాలు పడుతుంది. మొలాసిస్ త్వరగా మాడుతుంది కనక 35 నిమిషాలకి పైన అల్యూమినియం రేకు వదులుగా కప్పండి. అంతకుముందు తలుపు తీయొద్దు. దింపాక టిన్నులోనే పదిహేను నిమిషాలు ఉంచి, తర్వాత జాలీ మీదికి తీయండి.

ముందు రోజు చేయండి. వేడివేడిగా కోస్తే ముక్క విరుగుతుంది, ఘాటు ఒకవైపు, తీపి ఒకవైపు ఉన్నట్టుంటుంది. పూర్తిగా చల్లారాక గట్టిగా చుట్టి రాత్రంతా వదిలేస్తే మసాలాలు కలుస్తాయి. మొలాసిస్ గాలిలోని తేమ పీల్చుకుంటుంది కాబట్టి పైపొర మెత్తబడి చేతికి కొంచెం అంటుకుంటుంది, అదే దీని లక్షణం. ఇంగ్లండులో యార్క్‌షైర్‌వాళ్లు దీని చుట్టాన్ని, ఓట్స్, బ్లాక్ ట్రీకిల్ (అక్కడి మొలాసిస్ లాంటిది) వేసే పార్కిన్ అనే కేకుని, నవంబరు 5న వచ్చే మంటల పండగ కోసం చేసి డబ్బాలో పెట్టి కొన్ని రోజులు మాగనిస్తారు. మన అరిసెలు మూడో రోజుకి బాగుండటం లాంటిదే.

ఇక బెల్లం సంగతి

దీని కోసం నేను కనీసం ఆరు రొట్టెలు పాడుచేశాను. మొదటిది ఇండియన్ స్టోర్‌లో దొరికే పసుప్పచ్చటి బెల్లంతో చేశాను. రంగు లేదు, ఘాటుకి తగ్గ బరువు లేదు, పైగా సబ్బు వాసన. అప్పట్లో మజ్జిగ వేసేదాన్ని కాదు, నీళ్లు పోసేదాన్ని.

బెల్లంలో పులుపు అసలు లేదని కాదు. పరమాన్నం పొయ్యి మీద ఉండగా బెల్లం వేస్తే పాలు విరుగుతాయని మనందరికీ తెలిసిందే. కానీ మొలాసిస్‌లో ఉన్నంత ఉండదు. బెల్లంలో పంచదార ఎక్కడికీ పోలేదు, అందులోనే ఉంది. కాబట్టి పులుపు పలచన. నీళ్లతో చేసే రెసిపీలో మొలాసిస్ తీసేసి బెల్లం పెడితే సోడాకి జోడీ దొరకదు.

కుదిరిన కొలత ఇది. ఒక కప్పు మొలాసిస్ 340 గ్రాములు తూగుతుంది, అందులో ఇంచుమించు ఐదో వంతుకి పైగా నీరే. కాబట్టి కప్పు మొలాసిస్‌కి బదులు 260 గ్రాముల ముదురు రంగు బెల్లం, 80 మిల్లీలీటర్ల నీళ్లు. పై రొట్టెకి ఇందులో సగం చాలు. బెల్లం చితక్కొట్టి నీళ్లలో కరిగించి, పలచటి గుడ్డలో వడకట్టండి. ఇసుక, చెరకు పీచు ఎంత వస్తాయో చూస్తే మీకే తెలుస్తుంది. కరిగితే చాలు, పాకం రానివ్వొద్దు. అరిసెలకి పట్టినట్టు ఉండ పాకం పట్టారంటే పిండిలో కలవదు, రొట్టె పళ్లకి పని పెడుతుంది. కాచి ఆవిరైన నీటికి బదులు చివర్లో కొంచెం నీళ్లు పోసి తూకం సరిచేయండి.

తర్వాత మూడు మార్పులు. బెల్లం మొలాసిస్ కన్నా తియ్యగా ఉంటుంది, కాబట్టి బ్రౌన్ షుగర్ 100 నుంచి 60 గ్రాములకి తగ్గించండి. సోడా అర టీస్పూనుకి దించి, బేకింగ్ పౌడర్ ఒక టీస్పూన్ చేయండి. మజ్జిగ తప్పనిసరి, ఒకరోజు పులిసినదైతే ఇంకా మంచిది. నాలుగోది ఇష్టముంటేనే: మొలాసిస్‌లోని ఆ చిరుచేదు కోసం రెండు చెంచాల చిక్కటి ఫిల్టర్ కాఫీ డికాక్షన్. ఇది నాకు అనుకోకుండా తెలిసింది. మజ్జిగ కప్పు అనుకుని డికాక్షన్ ఉన్న కప్పు తీసి కొంచెం ఒంపేశాను.

తెల్లటి బెల్లం కన్నా ముదురు బెల్లం మంచిది. చిన్నప్పుడు మా ఊళ్లో గానుగ దగ్గర పెనం మీద రసం కాగుతుంటే వచ్చే వాసన, ఆ కొంచెం మాడిన వాసన, మొలాసిస్ సీసా మూత తీసినప్పుడు వస్తుంది. రంగు కోసం హైడ్రోస్ అనే రసాయనం వేసి తెల్లబరిచిన దిమ్మల్లో ఆ వాసన ఉండదు. తాటిబెల్లం దొరికితే అన్నిటికన్నా దగ్గరగా వస్తుంది. నా వరకు తాటిబెల్లం రొట్టె మొలాసిస్ రొట్టె కన్నా బాగుంటుంది, కానీ దాన్ని జింజర్‌బ్రెడ్ అని ఇక్కడివాళ్లకి పెడితే ఒప్పుకోరు.

బ్రౌన్ షుగర్‌ని మాత్రం బెల్లం అనుకోకండి. అది పంచదారకి మళ్లీ మొలాసిస్ పూత వేసినది. డార్క్ రకంలో కూడా మొలాసిస్ 6.5 శాతం దగ్గరే ఉంటుంది.

గుడ్డు తిననివాళ్లకి: రెండు గుడ్ల బదులు 100 గ్రాముల గట్టి పెరుగు వేసి, బేకింగ్ పౌడర్ ఇంకో అర టీస్పూన్ పెంచండి. మా అత్తగారికి అలాగే చేస్తాను. కొంచెం పొట్టిగా వస్తుంది, మెత్తదనం తగ్గదు. ఓటీజీ (చిన్న కరెంటు ఓవెన్) ఉన్నవాళ్లు పైనా కిందా రెండు కడ్డీలూ వేసి, టిన్నుని కింది అరలో పెట్టండి.

మీ దగ్గర మిగిలిన బ్లాక్‌స్ట్రాప్ పారేయకండి. ఒక వంతు దానికి మూడు వంతుల తేనెగానీ కార్న్ సిరప్‌గానీ కలిపితే మామూలు మొలాసిస్‌కి దగ్గరగా వస్తుంది, ఇంకో రొట్టెకి సరిపోతుంది. ఈసారి సోడా మాత్రం చెంచా మీద కత్తితో సమంగా గీసి కొలవండి, గోపురంలా తీయకండి.